డ్యూటీ చార్టు

భోగాపురం జంక్షన్లో
ఎరువుల కొట్టు మీది మేడ మా ఆఫీసు.
కిటికీలోంచి విమానాలు కనపడవు,
యూరియా వాసన మాత్రం వస్తుంది.

కంపెనీకి విమానాలు మూడు.
ఎగిరేవి రెండు.
మూడోదాని చక్రం కాలికి కావలసిన ముక్కేదో
ఓడెక్కి వస్తోందట,
ఏడు నెలలుగా వస్తూనే ఉంది.

మూడూ ఎగురుతాయని
పన్నెండు మందిని తీసుకున్నారు.
ఇంటర్వ్యూ రోజు మెట్ల పొడుగునా
తెల్ల చొక్కాలు, చంకల్లో లాగ్‌బుక్కులు.
కింద డీఏపీ కోసం
పట్టాదారు పుస్తకాలతో రైతుల వరస.
మెట్ల మలుపులో రెండు వరసలూ కలిసిపోయాయి.
"నీకెన్ని బస్తాలు రాసారు బాబూ?"
ఒక ముసలాయన ఒక పైలట్ని అడిగాడు.
"ఇంకా పిలవలేదండి" అన్నాడా అబ్బాయి.

గేదెల నీలవేణి తొమ్మిదో పేరు.
ఊరు నెల్లిమర్ల.
తండ్రికి జూట్ మిల్లులో పని;
మిల్లు గేటు మూసినప్పుడల్లా
ఆ పిల్ల ట్రైనింగూ ఆగింది.
రెండువందల పది గంటల ఆకాశం తనది,
గంటకి ఎంత బాకీయో నోటికి చెబుతుంది.
ప్రతి సోమవారం వచ్చి
తలుపు దగ్గరే నిలబడి అడిగేది:
"అక్కా, నా బండి బాగయిందా?"

విమానాన్ని బండి అనేవాళ్ళు
నాకు తెలిసి ఇద్దరే.
రెండోవాడు మా నాన్న.

గొర్లె సన్యాసినాయుడు,
విజయనగరం డిపోలో కంట్రోలరు.
సాలూరు ఘాటీకి ఎవరు,
పార్వతీపురం నైట్ హాల్టుకి ఎవరు,
కొత్త బండి ఎవరికి,
మూడో గేరు పడని బండి ఎవరి చేతికి.
ఆ చార్టు కోసం మా ఇంటికి పనసపళ్ళొచ్చేవి.
అమ్మ కత్తికి నూనె రాసేలోపే
వచ్చిన సైకిలు మీదే తిరిగెళ్ళిపోయేవి.
నాకీ ఉద్యోగం వచ్చిన రోజు
ఒకటే మాట చెప్పాడు:
"పెన్సిల్తోటి రాయే.
రబ్బరు మాత్రం జేబులో ఎట్టుకోకు."

శుక్రవారం పైనుంచి ఫోను.
పాత బండి మీద ఒక కుడి సీటు ఖాళీ అయింది,
వరసలో తొమ్మిదోది నీలవేణి వంతు.
పదకొండో పేరు ముందుకి జరపమన్నారు.
కారణం చెప్పలేదు,
ఇంటిపేరు చెప్పారు.

సరే సార్ అన్నాను.
అబద్ధమెందుకు,
పక్క టేబులు మీది రబ్బరు తెచ్చి
చెరిపాను కూడా.
పేరు పోయింది.
గాడి పోలేదు.
కాగితాన్ని దీపానికి ఏటవాలుగా పెడితే
నీ, ల, వే, ణి,
ఎండిపోయిన కాలవలో నీటి జాడలా.
నేనంత ఒత్తి రాస్తానని
అంతవరకూ నాకే తెలీదు.

పెన్సిలు ఆ గాడిలోనే నడిచింది.
ఈసారి మీద పెన్నుతో దిద్దాను.
పైనుంచి మళ్ళీ ఫోను రాలేదు.
రావచ్చు.
మోగిన ప్రతిసారీ
కడుపులో ఏదో జారుతోంది.

ఆమెకి దొరికింది గొప్ప ట్రిప్పేం కాదు.
ఏసీ నీళ్ళు కారే విమానం,
ఎవరూ అడగని తెల్లవారు డ్యూటీ.
కాగితం చేతికిస్తే
పేరు చూసుకోలేదు,
బండి నంబరు చూసుకుంది.
రెండుసార్లు.

మర్నాడు డెంకాడలో మా డాబా మీద
నాన్న వేపపుల్ల నములుతున్నాడు.
తాటితోపుల మీంచి మోత వచ్చింది.
తల ఎత్తలేదు,
వాచీ చూసాడు.

"నాలుగు నిమిషాలు లేటు.
డ్రైవరెవులే?"

"నెల్లిమర్ల గుంట నాన్నా."

"కొత్తా?"

"ఇదే తొలిరోజు."

పుల్ల చీల్చి నాలిక గీసుకున్నాడు,
పుక్కిలించి ఉమ్మాడు,
మోత సముద్రం వైపు తిరిగేదాకా ఆగాడు.

"అయితే రాయకు."